స్నాప్‌షాట్లు పడుతున్నాయి సరే, బ్యాకప్ ఎక్కడుంది?

"స్నాప్‌షాట్లు గంటగంటకూ వాటంతటవే పడుతున్నాయి కదండీ, మళ్లీ బ్యాకప్ ఎందుకు?" అమలాపురం ఫొటో స్టూడియోల వాళ్లు, భీమవరంలో రొయ్యల మేత అమ్మేవాళ్లు, మండపేట రైస్‌మిల్లుల గుమాస్తాలు అందరూ అడిగేది ఇదే. జవాబు చిన్నదే. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణాన డేటా ఎలా ఉందో పట్టి ఉంచే గుర్తు. అది ఉండేది మీ డేటా ఉన్న డిస్కులోనే. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. పొరపాటున చెరిపేసిన ఫైలును వెనక్కి తెచ్చుకోవడానికి దాన్ని మించింది లేదు గానీ, దాన్ని వేరే డిస్కులోకి పంపి, ఆ డిస్కును వేరే చోట పెట్టి, అందులోంచి ఒక ఫైలు తీసి చూసుకున్నప్పుడే అది బ్యాకప్ అవుతుంది. ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

సిద్ధాంతం తెలియాల్సింది కొంచెమే. స్నాప్‌షాట్ తీసినప్పుడు ఫైళ్లు కాపీ కావు. ఆ క్షణాన డేటా ఏ బ్లాకుల్లో ఉందో ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే వ్యవస్థ) గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత వచ్చే మార్పులను కొత్త బ్లాకుల్లో రాస్తుంది. అందుకే అది రెప్పపాటులో అయిపోతుంది, మొదట్లో చోటు కూడా పట్టదు. పాత బ్లాకు పాడైతే మాత్రం దాని మీద ఆధారపడ్డ స్నాప్‌షాట్లన్నీ అక్కడ పాడైనట్టే.

కావలసినవి

- లైనక్స్ నడిచే కంప్యూటరు. డేటా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (స్నాప్‌షాట్లు తీయగల ఒక ఫైల్‌సిస్టమ్) పార్టిషన్‌లో ఉండాలి. ఇది 2009 నుంచి లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంది, విడిగా కొనాల్సిన పని లేదు. స్నాప్‌షాట్లు తీయగల వేరే ఏర్పాట్లయిన జెడ్‌ఎఫ్‌ఎస్, ఎల్‌వీఎం, విండోస్ వాడేవారి కోసం చివర్లో చెప్పాను.
- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు, వాటిలోనూ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. ఒక్కోటి మీ డేటాకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటే నయం. ఒక్క డిస్కుతో సరిపెట్టుకోవద్దు.
- యూపీఎస్. పంపడం మధ్యలో కరెంటు పోతే వచ్చే తలనొప్పి ముందు దాని ధర ఎంత?
- గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలు రెండు, సిలికా జెల్ పొట్లాలు.
- ఒక నోటుపుస్తకం. డిస్కు పాస్‌వర్డు, పంపిన తేదీలు, తీసి చూసిన ఫైళ్ల పేర్లు రాసుకోవడానికి.

మొదలుపెట్టే ముందు మీ పార్టిషన్ ఏ రకమో చూసుకోండి. చాలామంది లైనక్స్ మింట్ వేసుకుని, అందులోని టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్ ఆన్ చేసి, అన్నీ భద్రంగా ఉన్నాయనుకుంటారు. టైమ్‌షిఫ్ట్ ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి. మీ ఫొటోలు, లెక్కలు ఉండే హోమ్ ఫోల్డర్‌ను అది మామూలుగా వదిలేస్తుంది. లైనక్స్‌లో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద అది తీసేవి ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్లు కూడా కావు, ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ చేసే కాపీలు.

కమాండ్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసే ముందు మీ కంప్యూటర్‌లోని మాన్యువల్ పేజీలో సరిచూసుకోండి.

1. డేటాకు విడిగా సబ్‌వాల్యూమ్ పెట్టండి

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ తీయగలిగేది సబ్‌వాల్యూమ్‌కే (ఫోల్డర్‌లా కనిపించే విడి భాగం), మామూలు ఫోల్డర్‌కు కాదు. ఇప్పటికే ఉన్న ఫోల్డర్‌ను సబ్‌వాల్యూమ్‌గా మార్చే కమాండ్ లేదు. కొత్త సబ్‌వాల్యూమ్ చేసి, డేటాను అందులోకి కాపీ చేసి, ఫైళ్ల సంఖ్య సరిపోయిందని చూసుకున్నాకే పాతది తీసేయాలి. కాపీ చేసేటప్పుడు రీఫ్లింక్ (పాత బ్లాకులనే పంచుకునే) ఆప్షన్ ఇస్తే అదే డిస్కులో రెట్టింపు చోటు అక్కర్లేదు.

హెచ్చరిక: సబ్‌వాల్యూమ్ లోపల ఇంకో సబ్‌వాల్యూమ్ ఉంటే స్నాప్‌షాట్ దాన్ని వదిలేస్తుంది. స్నాప్‌షాట్‌లో ఆ చోట ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, అవసరం పడ్డ రోజునే బయటపడుతుంది. "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ లిస్ట్" కొట్టి, మీ డేటా దారిలో ఇంకేమైనా ఉన్నాయేమో ఇప్పుడే చూడండి.

డౌన్‌లోడ్లు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సృష్టించే తాత్కాలిక ఫైళ్లు డేటా సబ్‌వాల్యూమ్‌లో ఉండకూడదు. వాటిని వేరే సబ్‌వాల్యూమ్‌లో పెట్టి స్నాప్‌షాట్లకు దూరంగా ఉంచండి. పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియోల డిస్కులు నిండిపోవడానికి సగం కారణం ఇదే.

2. తెరిచి ఉన్న ఫైళ్ల సంగతి తేల్చండి

స్నాప్‌షాట్‌లో దొరికేది ఆ క్షణాన డిస్కు ఉన్న స్థితి, అంటే కరెంటు తటాలున పోయినప్పుడు ఉండే స్థితి. ఫొటోలకు, డాక్యుమెంట్లకు దాంతో ఇబ్బంది లేదు. లెక్కల సాఫ్ట్‌వేర్‌కు, డేటాబేస్‌లకు ఆలోచించాలి.

- టాలీ డేటా లైనక్స్ సర్వర్ మీద సాంబా షేర్‌లో (విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో తెరవగల ఫోల్డర్) ఉంటే, అన్ని కంప్యూటర్లలోనూ టాలీ మూసేశాకే స్నాప్‌షాట్ తీయండి. వారానికోసారి టాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ఒక కాపీ అదే సబ్‌వాల్యూమ్‌లో వేసి ఉంచండి.
- డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయి అందులోవి ఇన్నోడీబీ రకం టేబుళ్లయితే, లేదా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, కరెంటు పోయిన స్థితి నుంచి తమంతట తాము కోలుకోగలవు. షరతు ఒకటుంది. డేటా ఫైళ్లు, లాగ్ ఫైళ్లు రెండూ ఒకే స్నాప్‌షాట్‌లో పడాలి. లాగ్ వేరే సబ్‌వాల్యూమ్‌లో ఉంటే రెండింటి మధ్య క్షణం తేడా వచ్చినా ఆ బ్యాకప్ నమ్మదగ్గది కాదు.
- మైఎస్‌క్యూఎల్‌లో పాత మైఐశామ్ రకం టేబుళ్లుంటే ముందు రీడ్ లాక్ (రాయడాన్ని ఆపే తాళం) వేసి, స్నాప్‌షాట్ పూర్తయ్యేదాకా ఆ సెషన్‌ను తెరిచే ఉంచాలి. సెషన్ మూస్తే లాక్ కూడా పోతుంది.

నా మాట వింటే, డేటాబేస్ ఏదైనా స్నాప్‌షాట్‌కు ముందు ఒక డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా దించిన కాపీ) కూడా తీసి పక్కన పెట్టండి. చిన్న దుకాణం డేటాబేస్‌కు ఎంతో సమయం పట్టదు, రేపు వేరే వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలన్నా డంపే పనికొస్తుంది.

3. చదవడానికి మాత్రమే వీలయ్యే స్నాప్‌షాట్ తీయండి

"బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ స్నాప్‌షాట్ మైనస్ ఆర్", ఆపైన డేటా దారి, స్నాప్‌షాట్ దారి. ఆ "మైనస్ ఆర్" మరిచిపోతే స్నాప్‌షాట్ రాయడానికి కూడా వీలుగా తయారవుతుంది, తర్వాతి మెట్టులో స్నాప్‌షాట్‌ను పంపే సెండ్ కమాండ్ దాన్ని ఒప్పుకోదు.

పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, గంట వచ్చేట్టు పెట్టండి. అప్పుడు జాబితా కాలక్రమంలో కనిపిస్తుంది. "కొత్తది", "ఫైనల్", "అసలు ఫైనల్" లాంటి పేర్లు పెట్టి తర్వాత ఏది ఏదో తెలియక తల పట్టుకోవద్దు.

4. డిస్కు నిజంగా మౌంట్ అయిందో లేదో చూసి, మొదటిసారి మొత్తం పంపండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

ఎక్స్‌టర్నల్ డిస్కు మౌంట్ అయ్యే (సిస్టమ్‌తో కలిసి కనిపించే) చోటు కూడా ఒక మామూలు ఫోల్డరే. కేబుల్ వదులై డిస్కు మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది. మీ కంప్యూటర్ రూట్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పార్టిషన్) కూడా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే, పంపినదాన్ని అందుకునే రిసీవ్ కమాండ్ ఏ అభ్యంతరం లేకుండా ఆ ఫోల్డర్‌లోకే డేటా దింపుకుంటుంది. మీరు బ్యాకప్ అనుకున్నది వెళ్లి అదే డిస్కులో కూర్చుంటుంది. ఈ కమాండ్లను వరుసగా నడిపే మీ స్క్రిప్ట్ "విజయవంతం" అంటుంది, డిస్కు నిండిపోయి కంప్యూటర్ మొరాయించేదాకా సంగతి తెలియదు.

దీనికి విరుగుడు రెండు రకాలు. స్క్రిప్ట్ మొదట్లోనే "మౌంట్‌పాయింట్" కమాండ్‌తో పరీక్షించి, మౌంట్ కాకపోతే అక్కడే ఆగిపోయేట్టు రాయండి. రెండోది, రిసీవ్‌కు ఇచ్చే దారి డిస్కు మూలంలో కాకుండా డిస్కు లోపల మీరు సృష్టించిన ఒక ఫోల్డర్ అయ్యేట్టు చూడండి. డిస్కు లేకపోతే ఆ ఫోల్డరూ ఉండదు, కమాండ్ వెంటనే ఆగిపోతుంది. నేనైతే రెండూ పెడతాను.

ఆ తర్వాత సెండ్ కమాండ్‌కు స్నాప్‌షాట్ దారి ఇచ్చి, పైపు గుర్తుతో (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకోదానికి అందించే నిలువు గీత) రిసీవ్‌కు కలపండి. మొదటిసారి మొత్తం డేటా వెళ్తుంది కనుక గంటలు పడుతుంది. యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి "ఎందుకింత నెమ్మది" అని అడగకండి, నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి.

డిస్కు ఊరు దాటి వెళ్తుంది కనుక ముందే లైనక్స్‌లోని లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డు లేనిదే చదవలేనట్టు), దాని మీద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేస్తే మేలు. పాస్‌వర్డు నోటుపుస్తకంలో రాయండి, ఆ పుస్తకాన్ని డిస్కు ఉన్న డబ్బాలో పెట్టకండి.

5. రెండోసారి నుంచి తేడా మాత్రమే పంపండి

సెండ్‌కు "మైనస్ పీ" ఇచ్చి, క్రితంసారి పంపిన స్నాప్‌షాట్‌ను తల్లిగా చూపిస్తే మారినవే వెళ్తాయి. ఆ తల్లి స్నాప్‌షాట్ రెండు వైపులా ఉండాలి. ఇక్కడ చెరిపేసినా అక్కడ చెరిపేసినా మళ్లీ మొత్తం పంపుకోవాల్సిందే. రెండు డిస్కులు మార్చిమార్చి వాడతారు కాబట్టి ఒక్కో డిస్కుకు చివరగా ఏది పంపారో నోటుపుస్తకంలో విడివిడిగా రాసుకోండి.

పంపడం మధ్యలో ఆగితే అవతల సగం స్నాప్‌షాట్ మిగిలిపోతుంది. పేరు, తేదీ సరిగ్గానే ఉంటాయి, లోపల ఫైళ్లు కూడా కొన్ని కనిపిస్తాయి. దాన్ని పట్టుకునే దారి ఇది. అవతలి డిస్కులో దాని మీద "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్ షో" కొట్టండి. వచ్చే వివరాల్లో "రిసీవ్డ్ యూయూఐడీ" అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా పొడవాటి అక్షరాలు, అంకెలు ఉంటే పూర్తిగా చేరినట్టు. ఒక చిన్న అడ్డగీత మాత్రమే ఉంటే చేరనట్టు. చేరనిదాన్ని చెరిపేసి మళ్లీ పంపండి.

స్క్రిప్ట్ రాసేవారు బ్యాష్‌లో (లైనక్స్ కమాండ్లు నడిపే షెల్) "పైప్‌ఫెయిల్" పెట్టడం మరవద్దు. అది లేకపోతే పైపులో చివరి కమాండ్ ఫలితమే లెక్కలోకి వస్తుంది, సెండ్ విఫలమైన సంగతి మరుగున పడిపోవచ్చు.

ఇవన్నీ చేత్తో చేయలేమంటారా? బీటీఆర్‌బీకే అనే ఉచిత ప్రోగ్రామ్ తీయడం, పంపడం, పాతవి తీసేయడం అన్నీ చూసుకుంటుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూడండి. పని చెడిన రోజున ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

6. పని ఏ వేళకు నడవాలో సరిచూడండి

ఎక్కడో చదివి తెల్లవారుజామున రెండు గంటలకు క్రాన్ (చెప్పిన వేళకు పని నడిపే లైనక్స్ ఏర్పాటు) పెట్టుకుంటారు. రాత్రి దుకాణం కట్టేస్తూ మెయిన్ స్విచ్ ఆపేస్తారు. కంప్యూటరే నడవని వేళకు పెట్టిన పని ఎప్పటికీ జరగదు, క్రాన్ దాన్ని తర్వాత గుర్తు చేసి చేయించదు కూడా. క్రాన్‌కు బదులు వాడే సిస్టమ్‌డీ టైమర్‌లో "పర్సిస్టెంట్" ఆప్షన్ పెడితే తప్పిపోయిన పని కంప్యూటర్ ఆన్ కాగానే నడుస్తుంది. ఇంకా సులువైనది, దుకాణం కట్టే ముందు నొక్కే ఒక ఐకాన్. టాలీ మూసి, దాన్ని నొక్కి, పూర్తయ్యాక డిస్కు ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లడం అలవాటు చేసుకోండి.

డిస్కు ఊడదీయడం కూడా ఈ పనిలో భాగమే. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కును రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) అయినా పిడుగుపాటు అయినా కంప్యూటర్‌తో పాటే తీసుకుపోతుంది.

7. పాతవాటిని తీసేయండి

ఒక పెళ్లి ఫుటేజీ మొత్తం చెరిపేశారు, డిస్కులో ఖాళీ పెరగలేదు. తప్పు ఫైల్‌సిస్టమ్‌ది కాదు. ఆ ఫుటేజీని పాత స్నాప్‌షాట్లు పట్టుకుని ఉన్నాయి, చివరి స్నాప్‌షాట్ పోయేదాకా చోటు తిరిగి రాదు.

దుకాణాలకు నేను చెప్పే లెక్క: కంప్యూటర్‌లో గంటవారీవి రెండు రోజులవి, రోజువారీవి రెండు వారాలవి. బయటి డిస్కుల్లో వారానికొకటి చొప్పున రెండు నెలలవి, నెలకొకటి చొప్పున ఏడాదివి. స్టూడియోలకు ఇంత పొడుగు అక్కర్లేదు, ఆల్బమ్ అప్పగించేదాకా చాలు.

ఎంత నిండిందో చూడటానికి మామూలు డీఎఫ్ కమాండ్‌ను నమ్ముకోకుండా "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్" చూడండి. ఎనభై శాతం దాటనివ్వకండి. స్నాప్‌షాట్ చెరిపాక చోటు వెంటనే కనిపించకపోయినా కంగారు పడొద్దు, ఆ శుభ్రం చేసే పని వెనకాల నడుస్తుంటుంది. చెరిపేముందు, రెండు వైపులా ఉమ్మడిగా ఉన్న ఆఖరి స్నాప్‌షాట్ మీద చేయి పడలేదని చూసుకోండి.

8. ఒక డిస్కును మెరకకు పంపండి

మన ప్రాంతంలో "వేరే చోట" అంటే పక్క వీధి కాదు. కోనసీమలో ఉంటూ డిస్కును పక్క ఊరి బావమరిది ఇంట్లో పెడితే ఒకే వరద రెండిళ్లలోకీ రావచ్చు. 1996 నవంబరు తుపాను చూసినవారికి చెప్పనక్కర్లేదు. రాజానగరం, పెద్దాపురం, ద్వారకా తిరుమల లాంటి మెరక ఊళ్లలో చుట్టాలు ఎవరైనా ఉంటే అక్కడ ఒక డిస్కు ఉంచి, రాకపోకల్లో మారుస్తూ ఉండండి.

ముహూర్తం ఎప్పుడంటే, ధవళేశ్వరం బ్యారేజీ లెక్కలే చాలు. అక్కడ ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే ఇంట్లో ఉన్న డిస్కుకు తాజా స్నాప్‌షాట్ పంపి బయటికి తరలించండి. లంక ఊళ్ల వారు అంతకన్నా ముందే, భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందన్న వార్తకే కదలాలి. కాజ్‌వేలు మునిగాక పడవలో మనుషులు దాటడమే కష్టం.

తేమ, ఉప్పుగాలి కూడా డిస్కులకు శత్రువులే. నరసాపురం, అంతర్వేది వైపు యూఎస్‌బీ పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. డబ్బాలో సిలికా జెల్ వేసి మూయండి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చండి, కేబుల్ ఒకటి అదనంగా ఉంచుకోండి.

9. తీసి చూడండి

నెలకోసారి ఈ మూడు పనులు చేయండి.

మొదట, బయటి డిస్కు మీద "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్" నడపండి. అది ప్రతి బ్లాకునూ చదివి చెక్‌సమ్‌తో (డేటా మారిందో లేదో చెప్పే సంఖ్య) పోల్చుతుంది. ఒక్కటే డిస్కు ఉన్నచోట పాడైన ఫైలును పట్టుకుంటుంది గానీ బాగుచేయలేదు. రెండో డిస్కు ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత, పాత స్నాప్‌షాట్‌లోంచి ఏదో ఒక ఫైలు, మారనిది, ఎంచుకుని దాని షా256 సంఖ్యను (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) అసలు ఫైలు సంఖ్యతో పోల్చండి.

చివరగా, డిస్కును వేరే లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి, టాలీ డేటాను బయటికి కాపీ చేసి, ఆ కాపీతో టాలీ కంపెనీ తెరవండి. నిన్నటి ఆఖరి వోచరు కనిపించాలి. డేటాబేస్ అయితే డంప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి వరుసలు లెక్కపెట్టండి. ఫైలు ఉండటం వేరు, తెరుచుకోవడం వేరు.

తిరిగి తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బయటి డిస్కులో చేరిన స్నాప్‌షాట్‌కు "చదవడానికి మాత్రమే" గుర్తును తీసేయకండి. తీస్తే ఆ తర్వాత తేడాలు పంపే గొలుసు తెగిపోతుంది. మార్పులు చేయాలంటే దాని నుంచి రాయగలిగే ఇంకో స్నాప్‌షాట్ తీసి అందులో చేయండి. డిస్కు మౌంట్ కాక ఎర్రర్లు వస్తుంటే, ఎవరో చెప్పారని "చెక్ రిపేర్" కొట్టొద్దు. ఉన్నది కూడా పోవచ్చు. ముందు చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, దొరికినంత బయటికి తీసుకోండి.

వేరే ఏర్పాట్లు ఉన్నవారికి

జెడ్‌ఎఫ్‌ఎస్: దారి ఇదే. "స్నాప్‌షాట్ మైనస్ ఆర్" అంటే ఇక్కడ లోపలి డేటాసెట్లన్నింటికీ (సబ్‌వాల్యూమ్‌ల లాంటివి) ఒకే క్షణంలో తీయమని అర్థం, ఈ విషయంలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కంటే నయం. ఉమ్మడి స్నాప్‌షాట్‌కు "హోల్డ్" వేస్తే పొరపాటున చెరగదు. అవతలి డేటాసెట్‌ను రీడ్ఓన్లీగా పెట్టండి, లేకుంటే ఊరికే తెరిచి చూసినా మార్పు వచ్చి తర్వాతి రిసీవ్ నిరాకరిస్తుంది. "రోల్‌బ్యాక్ మైనస్ ఆర్" మధ్యలో ఉన్న స్నాప్‌షాట్లను చెరిపేస్తుందని గుర్తుంచుకోండి. పంపే పనిని ఆటోమేటిక్‌గా చేయడానికి శానాయిడ్, సింకాయిడ్ అనే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి.

ఎల్‌వీఎం: ఇది లైనక్స్‌లో డిస్కు చోటును పంచే ఏర్పాటు. మామూలు ఎల్‌వీఎం స్నాప్‌షాట్‌కు ముందే చోటు కేటాయించాలి. ఆ చోటు నిండితే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది, హెచ్చరించడానికి ఎవరూ రారు. తీసి, ఆర్‌సింక్‌తో కాపీ చేసుకుని, వెంటనే తీసేయండి. రోజుల తరబడి ఉంచితే రాత వేగం కూడా పడిపోతుంది. దాని మీది ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే స్నాప్‌షాట్‌ను మౌంట్ చేసేటప్పుడు "నోయూయూఐడీ" ఇవ్వాలి.

విండోస్: ఇక్కడి స్నాప్‌షాట్లయిన షాడో కాపీలు మామూలుగా అదే డిస్కులో ఉంటాయి. చాలా రాన్సమ్‌వేర్లు మొదట చేసే పని వాటిని చెరపడమే. డేటాను లైనక్స్ సాంబా షేర్‌లోకి మార్చి, సర్వర్ మీద స్నాప్‌షాట్లు తీస్తే విండోస్ కంప్యూటర్ నుంచి వాటిని ఎవరూ చెరపలేరు. సాంబాలో షాడో కాపీ 2 మాడ్యూల్ పెడితే "ప్రీవియస్ వెర్షన్స్"లో పాతవి కనిపిస్తాయి కూడా.

క్లౌడ్: సెండ్ ఇచ్చే ప్రవాహాన్ని ఒకే పెద్ద ఫైలుగా దాచి అప్‌లోడ్ చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయకండి. ఆ ఫైలులో ఎక్కడ పాడైనా అక్కడి నుంచి రిసీవ్ ఆగిపోతుంది, అందులోంచి ఒక్క ఫొటో విడిగా తీయడానికీ వీలుండదు. అందుకు బదులు స్నాప్‌షాట్ ఫోల్డర్‌ను రెస్టిక్ లాంటి బ్యాకప్ ప్రోగ్రామ్‌కు చూపించండి. కదలని ఫైళ్ల మీద పని చేస్తుంది కనుక మధ్యలో మారిపోయే గొడవ ఉండదు, మారిన భాగాలే ఎక్కుతాయి. ఫొటో స్టూడియోల రా ఫైళ్లన్నీ (కెమెరా ఇచ్చే పెద్ద ముడి ఫొటో ఫైళ్లు) ఇలా ఎక్కించాలంటే మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ఎంతో ముందు లెక్కేసుకోండి. టాలీ డేటా, డంపులు అయితే ఏ కనెక్షన్‌లోనైనా రోజూ వెళ్లిపోతాయి.